గీత కొట్టిన ఎనిమిది వందల ఎనభై

మార్కాపురం బస్టాండు ముందర పన్నెండడుగుల ఎత్తున తన మొగమే తనను చూసి పండ్లికిలిస్తా ఉంటే దయామణి రోడ్డు మధ్యలోనే ఆగిపోయింది. ముప్పై నాలుగేండ్ల ఆడమనిషిని పట్టుకోని ఆ ఫ్లెక్సీలో పద్దెనిమిదేండ్ల పిల్లను చేసినారు. ఒంటినున్న నలుపంతా కడిగి పారేసి బుగ్గలకు రోజారంగు పూసినారు. తల వెనకాల నక్షత్రాలు, ఉంగరాల గ్రహం, ఎందుకో ఒక రాకెట్టు. పైన ఆమె పాఠాలు చెప్పే డిగ్రీ కాలేజీ ప్రిన్సిపాలు సంజీవరావు మొగం, ఆమె మొగానికి రెండింతలు. కింద బండ అక్షరాలు: "విశ్వరహస్యం ఛేదించిన మన ఆడబిడ్డ. న్యూట్రాన్ ఆయుష్షు 880 సెకన్లు. శుక్రవారం ఘన సన్మానం."

రాకెట్టుతో పనేముంది? ఆమె ఎక్కిందా, దిగిందా? ఏడేండ్లు ఒక పాత ల్యాప్‌టాప్ ముందర కూర్చోని లెక్కలు కట్టింది, అంతే. పోనీ రాకెట్టును క్షమించొచ్చు. ఆమెకు ఒళ్ళు మండింది వేరేదానికి. 880 పక్కన "అటు ఇటు ఒక సెకను" అనే గుర్తుండాల. అది లేదు.

ఎదురుగా ఉన్న ఫ్లెక్సీల దుకాణంలోకి పోయి అడిగింది. దుకాణమాయన ఇమ్తియాజ్ కుర్చీ తుడిచి వేసినాడు, టీ చెప్పినాడు, ఆ తర్వాత సంగతి చెప్పినాడు. ఆమె ఇచ్చిన కాగితంలో ప్లస్సు మైనస్సు ఉన్నాయంట. ప్రిన్సిపాలు సారే పెన్నుతో కొట్టేసి, అవుంటే జనానికి అనుమానమొస్తది, తీసెయ్యి అన్నాడంట. పాపం ఇమ్తియాజ్ ఆ గుర్తుకు బదులు ఖాళీ కనపడకూడదని రాకెట్టు పెట్టినాడు.

అటు ఇటు ఎంతో చెప్పకుండా కొలత చెప్పడమంటే దయామణి దృష్టిలో కడగని గిన్నెలో అన్నం పెట్టడం. ఫస్టియరు పిల్లలకు మొదటి రోజు ఆ మాటే చెప్తుంది. ఇప్పుడు ఆ పిల్లలే ఆ ఫ్లెక్సీ ముందర నిలబడి సెల్ఫీలు దిగుతా ఉన్నారు. టీ తాగకుండానే లేచి వచ్చేసింది.

ఇంతకీ ఆ లెక్కేందో చెప్పాల. న్యూట్రాన్ పరమాణువు నడుమ ఉన్నంతకాలం నిక్షేపంగా ఉంటది. బయటికి తీసి ఒంటరిగా వదిలితే సగటున పదిహేను నిమిషాలు కూడా ఆగకుండా విరిగి ప్రోటాన్‌గా మారిపోతది. సరిగ్గా ఎన్ని సెకన్లు ఆగుతదో కొలిచేవాళ్ళు లోకంలో రెండు జట్లు. ఒక జట్టువాళ్ళు న్యూట్రాన్లను సీసాలాంటి దాంట్లో మూసిపెట్టి, కొంతసేపటికి ఎన్ని మిగిలినాయో లెక్కపెడతారు. వాళ్ళకు సుమారు 878 వస్తది. రెండో జట్టువాళ్ళు ధారగా వదిలి, దారిలో ఎన్ని విరిగినాయో లెక్కపెడతారు. వాళ్ళకు 888. పది సెకన్ల తేడా. ఎవరి కొలతలో తప్పుందో ఏండ్ల తరబడి తెగలేదు.

మూడో సాక్షి ఒకటుంది, ఆకాశం. విశ్వం పుట్టిన తొలి నిమిషాల్లో న్యూట్రాన్లు ఒకపక్క విరిగిపోతా ఉంటే, మిగిలినవి ప్రోటాన్లతో కలిసి హీలియం అయిపోయినాయి. న్యూట్రాన్ ఎక్కువసేపు ఆగే రకమైతే ఎక్కువ మిగిలి, ఎక్కువ హీలియం తయారై ఉండాల. తక్కువసేపు ఆగే రకమైతే తక్కువ. ఆ హీలియం ఎంతో అన్నిటికంటే పాత వెలుగులో గుర్తులుగా ఉండిపోయింది. ఆ వెలుగును ఉపగ్రహాలు పటం తీసినాయి. ఆ పటాలు ఎవరైనా ఊరికే దించుకోవచ్చు. మార్కాపురంలో కూర్చోని కూడా ఆ వెలుగులోంచి హీలియం లెక్క తీసి, హీలియంలోంచి వెనక్కి నడిచి న్యూట్రాన్ ఆయుష్షు పట్టుకోవచ్చు. దయామణి చేసిందదే. 880, అటు ఇటు ఒక సెకను వచ్చింది. 878కి దగ్గర, 888కి దూరం. అంటే సీసా జట్టు గెలిచినట్టే.

ఆ నంబరు మీద ఆమె బతుకంతా ఆగి ఉంది. ఈ నెలాఖరులోపల థీసిస్ యూనివర్సిటీకి చేరకపోతే ఏడేండ్ల పి.హెచ్.డి. రిజిస్ట్రేషను రద్దు. పి.హెచ్.డి. లేకపోతే కాలేజీలో ఉద్యోగమూ లేదు. చేరాలంటే గైడు సంతకం కావాల. ఆ గైడు సంజీవరావే. ఆయనకేమో శుక్రవారం కాలేజీకి గ్రేడు ఇచ్చే కమిటీ వస్తా ఉంది, వాళ్ళకు చూపించుకోను ఒక వింత కావాల.

తర్లుపాడు పక్కన వాళ్ళ ఊరు. మర్నాడు ఆదివారం చర్చిలో దయామణి తల్లి పిచ్చమ్మ సాక్ష్యం చెప్పను లేచింది. పలకల ఫ్యాక్టరీలో ముప్పై ఏండ్లు పని చేసిన మనిషి, కొంగు నడుముకు దోపి నిటారుగా నిలబడింది. దేవుడు లోకం చేసిన మొదటి మూడు నిమిషాల్లో ఏం జరిగిందో తన బిడ్డ లెక్కగట్టి కనుక్కునిందని, ఎనిమిది వందల ఎనభై అని, దానికి దేవునికి స్తోత్రమని చెప్పింది. సంఘమంతా స్తోత్రం అనింది. దయామణి తల వంచుకోని కూర్చునింది. ఆ ఫ్లెక్సీ చూసినకాడ్నుంచి నోరు చేదుగా ఉంది, ఆ మాట నోట్లోంచి రాలేదు.

ఇంటికి పోయి అన్నం తినేటప్పుడు పిచ్చమ్మ పప్పు వడ్డిస్తా మామూలుగా అడిగింది.

"ఏమ్మే, పగులుది కలిపి చూసినావా?"

ఆ మాటకు అర్థం దయామణికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ ఫ్యాక్టరీ రాతిపొడిలోనే పెరిగింది. పిచ్చమ్మది పలకలు ఏరే పని. పలకను వేళ్ళ మీద నిలబెట్టి కణుపుతో కొడితే మంచిది ఖంగుమంటది, పగులుంటే బొంగురు పోతది. కొత్తగా చేరిన మనిషి చెవి ఎట్లాంటిదో తెలియాలంటే పాతవాళ్ళు ఒక పని చేస్తారు. పగిలిందని ముందే తెలిసిన పలకను ఆమెకు చెప్పకుండా ఆమె గుట్టలో కలిపి పెడతారు. దాన్ని పట్టుకునిందా, సరే. దాన్ని కూడా బాగుందని పక్కన పెట్టిందా, ఆమె ఏరిన గుట్ట మొత్తం మళ్ళా ఏరాల్సిందే.

ఇంకొక కట్టడి కూడా ఉంది. పగులుది తేలితే ఊరికే పక్కన పెట్టరు, మేకుతో దానిమీద ఇంటూ గీత గీస్తారు. గీయకపోతే మేస్త్రీ వచ్చి దాన్ని ఎత్తుకపోయి, పగులు కనపడకుండా చెక్క చట్రం బిగించి, మంచి పలకల్లో కలిపి అమ్మేస్తాడు. ఒక ఎండాకాలం పిచ్చమ్మ ఒక లోడు మొత్తానికి గీతలు కొట్టింది. ముప్పై ఏండ్లు చేసిందని కూడా చూడకుండా యజమాని ఆ సాయంత్రమే పనిలోంచి తీసేసినాడు. ఆ మేకు ఇప్పటికీ ఆమె తాళాల గుత్తిలోనే ఉంది.

"లేదుమా," అనింది దయామణి. ఎత్తిన ముద్దను మళ్ళా కంచంలో పెట్టింది.

ఏడేండ్లు. ఒక్కసారి కూడా చూడలేదు. నంబరు ముద్దుగా వచ్చిందని ముచ్చటపడి ముగ్గురికి చెప్పుకునింది గానీ, తన ప్రోగ్రాము చెవి ఎట్లాంటిదో చూడలేదు. తల్లికున్న బుద్ధి తనకు లేకపోయింది.

సోమవారం ల్యాబులో కూర్చోని ఒక దొంగ ఆకాశాన్ని తయారు చేసింది. తూకంలో నూటికి ఇరవై ఐదు పాళ్ళు ఉండాల్సిన హీలియాన్ని ముప్పై ఆరు చేసి, ఆ లెక్కన పాత వెలుగు ఎట్లుంటదో అట్ల అంకెలు పుట్టించి ప్రోగ్రాములో పోసింది. నిఖార్సయిన ప్రోగ్రామైతే న్యూట్రాన్ ఆయుష్షు పధ్నాలుగు వందల సెకన్లు దాటిందని చెప్పాల. ఆ ముసలి ల్యాప్‌టాప్ రోజున్నర మూలిగి, మంగళవారం సాయంత్రం కాలేజీ గంట కొట్టే వేళకు జవాబిచ్చింది.

880, అటు ఇటు ఒక సెకను.

ముప్పై ఆరు పాళ్ళ హీలియం పోసినా అదే అంకె. దయామణి ప్రోగ్రామును గుడ్డ విప్పినట్టు విప్పి వెతికితే, తప్పు రెండో పేజీలోనే దొరికింది. ఆకాశాన్ని హీలియం ఎంతని అడగాల్సిన చోట, ప్రోగ్రాము ఒక తయారు పట్టికలోంచి హీలియం తెచ్చుకుంటా ఉంది. ఆ పట్టిక కట్టినవాళ్ళు న్యూట్రాన్ ఆయుష్షు 880 అనుకోని కట్టినారు. అది వాళ్ళ తప్పు కాదు, వేరే పనులకు ఆ పట్టిక సరైందే. కొలవబోయేదాన్నే ముందుగా లోపల పెట్టుకోని, అదే బయటికొస్తే కనుక్కున్నానని చంకలు గుద్దుకున్నది తను.

ఛీ. ఎవరిమీద కాదు, తన మీద తనకే రోత పుట్టింది.

పట్టికను పీకేసి, హీలియం ఎంతో ఆకాశాన్నే చెప్పనిచ్చి, ఈసారి ల్యాబులో ఉన్న కంప్యూటర్లన్నిటికీ పంచి మళ్ళా లెక్క నడిపించింది. బుధవారం మధ్యాహ్నానికి నిజమైన జవాబు వచ్చింది. 904, అటు ఇటు డెబ్బై. 878 అందులోనే ఉంది, 888 కూడా అందులోనే ఉంది. సీసా జట్టు గెలవలేదు, ధార జట్టు గెలవలేదు. అంత పాత వెలుగు అంతకుమించి చెప్పలేనంటా ఉంది.

ఆ కాగితం తీసుకోని సంజీవరావు గదికి పోయింది. ఆయన ఏసీ వేసుకోని మిరపకాయ బజ్జీలు తింటా ఉన్నాడు. బజ్జీలను వేసుకున్న కాగితాన్ని చూస్తే అది ఆమె థీసిస్‌లో మూడో అధ్యాయం, నూనె ఇంకి ఆమె గీసిన బొమ్మ అద్దంలాగా వెలుగుతా ఉంది. ఆమె నిలబడే చెప్పింది. పట్టిక సంగతి, దొంగ ఆకాశం సంగతి, కొత్త నంబరు సంగతి. ఆయన ఇంకొక బజ్జీ తీసుకున్నాడు. అంతా విని వేళ్ళు నాక్కున్నాడు.

"నాకు డిసెంబరులోనే తెలుసమ్మా," అన్నాడు.

ఆమెకు ముందు అర్థం కాలేదు. అర్థమైనాక చేతిలో కాగితాన్ని ఆయన బల్ల మీద పెట్టేసింది.

ఆయన నిదానంగా చెప్పుకొచ్చినాడు. ఆ అధ్యాయం చదివినప్పుడే పట్టిక సంగతి కనపడిందంట, మంచి నంబరు వచ్చింది, కెలకడమెందుకని ఊరుకున్నాడంట. వచ్చే కమిటీలో ఇద్దరు కెమిస్ట్రీ, ఒకాయన కామర్సు, ఆ పట్టిక ఎవడు చూస్తాడంట. థీసిస్ దిద్దబోయే పరీక్షకుడు తనతో కలిసి చదువుకున్నవాడంట. 904, అటు ఇటు డెబ్బై అంటే అదేం జవాబంట, తెలవదు అని చెప్పినందుకా మనిషికి డాక్టరేటు ఇచ్చేది, అని నవ్వినాడు. నవ్వి, దయామణి జన్మలో మర్చిపోలేని మాట అన్నాడు.

"మీవాళ్ళల్లో ఇంతదూరం వచ్చినవాళ్ళు ఎంతమంది ఉన్నారు చెప్పు. అందిన దాన్ని జారవిడుచుకోకూడదమ్మా."

అని సొరుగులోంచి ఫారం తీసి, ఆమె కండ్ల ముందరే పచ్చసిరాతో సంతకం చేసినాడు. మళ్ళా సొరుగులో పెట్టి తాళం వేసినాడు. శుక్రవారం సభ కానిచ్చి తీసుకోమన్నాడు. ఫారం మూలకు బజ్జీ నూనె అంటింది.

బయటికొచ్చి కొళాయి దగ్గర మొగం కడుక్కునింది. ఎంత కడిగినా ఆ నూనె వాసన పోలేదు. నోరు మూసుకోని రెండు రోజులు గడిపితే డాక్టర్ దయామణి. ఆ సంతకం తనకు కావాల. కావాలని తనకు ఎంతగా ఉందో తెలిసి ఇంకా రోతపడింది. గురువారం ఇంటికి పోయినప్పుడు తల్లికి మాత్రం ఒక్క ముక్క చెప్పింది, పగులుది కలిపి చూసినానని, ప్రోగ్రాము దాన్ని కూడా బాగుందనిందని. పిచ్చమ్మ బియ్యం ఏరుతా ఉన్న చేతిని ఒక క్షణం ఆపి, మళ్ళా ఏరుకునింది. రేపు సభకు తనూ వస్తానని మాత్రం అనింది.

శుక్రవారం పొద్దున హాలు నిండిపోయింది. ముందు వరసలో కమిటీ, వాళ్ళ పక్కన ఇస్త్రీ చీరతో పిచ్చమ్మ. కన్నతల్లిని కూడా చూపించుకోవాలని సంజీవరావే ఆమెను అక్కడ కూర్చోబెట్టినాడు. శాలువా కప్పినారు, దండ వేసినారు. జ్ఞాపికగా ఒక పెద్ద మార్కాపురం పలక ఇచ్చినారు, నిగనిగలాడే చట్రం, నడుమ బంగారు రంగుతో 880. ఆ తర్వాత మైకు ఇచ్చినారు.

దయామణి చెప్పేసింది.

"ఈ పలక మీదున్న నంబరు నేను కనుక్కునింది కాదు. నేను వాడిన పట్టికలో అది ముందే ఉంది, నేను పెట్టిందే నాకు తిరిగొచ్చింది. ఆకాశం చెప్పింది తొమ్మిది వందల నాలుగు, అటు ఇటు డెబ్బై. అంటే రెండు జట్లలో ఎవరిది నిజమో నాకు తెలవదు."

తర్వాత చప్పట్లు. అవును, చప్పట్లే. వెనక వరసల పిల్లలు ఈలలు కూడా వేసినారు, ఎనిమిది వందల ఎనభై కాస్తా తొమ్మిది వందలు దాటిందని వాళ్ళ సంబరం. సంజీవరావు ఒక్క అడుగులో వచ్చి మైకు అందుకున్నాడు. చూసినారా ఈ వినయం, గొప్ప శాస్త్రవేత్తలంతా నాకేం తెలవదనే అంటారు, ఈ సంస్కారమే మా కాలేజీ నేర్పేది అన్నాడు. కమిటీ పెద్దమనిషి మెచ్చుకోలుగా తలాడించి ఏదో రాసుకున్నాడు. ఆమె నిజాన్ని వాళ్ళ కండ్ల ముందరే చట్రంలో బిగించేసినారు.

మాటలతో పని కాదని దయామణికి తెలిసిపోయింది. పలక పట్టుకోని వేదిక దిగి, ముందు వరసలో తల్లి దగ్గరికి పోయి చేయి చాపింది. పిచ్చమ్మ అప్పటికే తాళాల గుత్తి తీసి పట్టుకోని ఉంది. గుత్తిలోంచి మేకు విడదీసి కూతురి చేతిలో పెట్టింది.

దయామణి మళ్ళా ఎక్కింది. పలకను మైకు ముందరున్న బల్ల మీద పెట్టి, బంగారు 880 మీద ఈ మూల నుంచి ఆ మూలకు మేకుతో గీత గీసింది. ఆ కీచుమనే శబ్దం నాలుగు పెద్ద స్పీకర్లలోంచి వచ్చేసరికి హాలంతా చెవులు మూసుకునింది. ఆగకుండా రెండో గీత గీసింది. ఆ ఊళ్ళో పలకమీద ఇంటూ గీత అంటే ఏందో తెలియని ఇల్లు లేదు. వెనకాల ఈలలు ఆగిపోయినాయి. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. కమిటీ పెద్దమనిషి అద్దాలు తీసి, ఇదేందని సంజీవరావును అడిగినాడు. సంజీవరావు గబగబా పలకను బల్ల మీద బోర్లించినాడు.

శనివారం పొద్దున కాలేజీ నుంచి మనిషి వచ్చినాడు. సోమవారం నుంచి రానక్కర్లేదని కాగితం, దానితోపాటు నాలుగు ముక్కలుగా చింపిన ఫారం. పచ్చసిరా సంతకం ఒక ముక్కలో సగం, ఇంకొక ముక్కలో సగం ఉంది. మధ్యాహ్నం ఇమ్తియాజ్ ఫోను చేసినాడు, మాట్లాడను మొహమాటపడినాడు. సారు ఫ్లెక్సీ మార్పించమన్నాడంట. మేడం ఫోటో తీసేసి ఆ జాగాలో కూడా తన ఫోటోనే పెద్దది చేసి పెట్టమన్నాడంట. నంబరు మాత్రం అదే ఉంచమన్నాడంట. ఏం చేయమంటారు మేడం అని అడిగినాడు.

"ఆయన మొగం, ఆయన నంబరు. వేసెయ్యి. ఆ రాకెట్టు కూడా ఆయనకే ఇచ్చెయ్యి," అనింది దయామణి.

ఆదివారం చర్చికి పోవాలని లేదామెకు. ఏడేండ్లు పోయినాయి, జీతం పోయింది, ఇప్పుడు ఊరి మొగాలు చూడాల. పిచ్చమ్మ వినలేదు. పాటలైనాక, పాస్టరు సాక్ష్యాలున్నాయా అని అడగకముందే లేచి నిలబడింది.

"పోయిన ఆదివారం ఈడ నిలబడి, నా బిడ్డ కనుక్కునిందని ఒక నంబరు చెప్పినాను. అది పగులుది. గీత కొట్టుకోండి."

చాపల మీద కూర్చున్న ఆడవాళ్ళలో సగంమంది పలకలు ఏరినవాళ్ళే. పాస్టరు, మరి ఇప్పుడు దేనికి స్తోత్రం చేయాలమ్మా అని మెల్లిగా అడిగినాడు.

"నా బిడ్డకు తెలవదంట. తెలవదని అంతమంది ముందర చెప్పింది. దానికి," అనింది పిచ్చమ్మ.

సంఘమంతా స్తోత్రం అనింది. దయామణి కూడా అనింది.